భయం లేకుండా చేసిన కుండ

నేను మానసిక వైద్యుణ్ని. ఎదుటివాళ్ల భయాలు వినడం నా వృత్తి. ఎదుటివాళ్లను చూసి కుళ్లుకోవడం నా ప్రవృత్తి. మొదటిదాన్నుంచి రిటైరయ్యాను. రెండోదానికి రిటైర్మెంటు వయసు లేదు.

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను తరచూ అడిగేది ఒకటే. మెదడులోంచి భయాన్ని తీసేయవచ్చా సార్ అని. దానికి జవాబు నాకు ఒక పగిలిన కుండ నేర్పింది. ఆ కుండ పగిలిందని నాకు చెప్పింది మాత్రం వసంత. ఈ రెండో వాక్యం రాయడానికి పెన్ను ఇప్పటికీ మొరాయిస్తుంది.

సూక్ష్మదర్శిని కింద ఆమె, పంకా కింద నేను

వసంతా నేనూ ఒకే బ్యాచ్. ఆమెది మధిర వైపు. ఒకే ఏడాది పీజీ చేశాం. ఆ తర్వాత ఆమె ఎలుకల దగ్గరికి వెళ్లింది, నేను మనుషుల దగ్గరికి వచ్చాను. ఆమె ఎక్కడో పెద్ద నగరంలో ఏసీ ప్రయోగశాలలో కూర్చుని భయపు జ్ఞాపకం కణాల్లో ఎలా పుడుతుందో చూసేది. నేను పాల్వంచ దగ్గర ఒక దవాఖానాలో, తిరగడం మానేసిన పంకా కింద కూర్చుని ఆ జ్ఞాపకం మనిషిని ఎలా తింటుందో వినేవాణ్ని.

అప్పుడప్పుడు ఫోన్లో ఫొటోలు పంపేది. చీకట్లో ఆకుపచ్చగా మెరిసే నాడీకణం కొమ్మ, దాని మీద మొటిమల్లాంటి బుడిపెలు. "చూడరా, ఈ బుడిపె నిన్న లేదు. ఎలుక భయం నేర్చుకున్నాక మొలిచింది" అని రాసేది. అలాంటి ఫొటో వచ్చిన రోజు నాకు కడుపుమంట. మాత్ర వేసుకుంటే తగ్గే రకం కాదది. భయాన్ని ఆమె కళ్లారా చూసింది. నేను చెవులారా విన్నాను, అంతే.

మా పెద్దసారును చూసినా కుళ్లే. ఆయన వరండాలో ఎంత లైనున్నా భోజనం వేళకు ఖాళీ చేసేవారు. వచ్చినవాడు నోరు తెరిచేలోపే నిద్రమాత్ర రాసేవారు. "నిద్రలో ఏ భయముంటదయ్యా?" అనేవారు నాతో. నా లైను సాయంత్రమైనా తరిగేది కాదు. కుళ్లు పక్కనపెట్టి చెబుతున్నాను. నిద్రమాత్ర భయాన్ని పడుకోబెడుతుంది, చంపదు. మాత్ర మత్తులో మెదడు 'ఇక ప్రమాదం లేదు' అనే కొత్త పాఠాన్ని కూడా సరిగా నేర్చుకోదు. పెద్దసారు పేషెంట్లు మెలకువ రాగానే నా లైన్లోకి వచ్చేవారు. కొమురయ్య అలా వచ్చినవాడే.

పిట్ట బావ

కొమురయ్య బొగ్గుబాయిలో కప్పు చూసే మనిషి. కప్పు అంటే గని పైకప్పు. మిగతావాళ్లు లోపలికి అడుగుపెట్టకముందే పొడవాటి కడ్డీతో కప్పును కొట్టి చప్పుడు వినడం అతని పని. గట్టి కప్పు ఖంగుమంటుంది. వదులైన కప్పు మొద్దుగా, డొల్లగా పలుకుతుంది. డొల్లగా పలికితే అందర్నీ వెనక్కి పిలిచి, ఆ వదులును రాల్చి, కప్పుకు ఆసరాగా దిమ్మెలు పెట్టి బోల్టులు బిగించాలి.

ఒకరోజు కడ్డీ తగలగానే డొల్లగా పలికింది. కొమురయ్య నోరు తెరిచేలోపే పైనుంచి రాతి పలక ఊడిపడింది. పక్కనున్న జోడీదారు కాలు విరిగింది. కొమురయ్య ఒంటి మీద గీత కూడా పడలేదు. కానీ ఆ తర్వాత టక్ మని ఏది మోగినా అతను నిలబడలేకపోయాడు.

అతన్ని నా గదికి తీసుకొచ్చింది భార్య సారక్క.

"ఏం జెప్పాలె సారు. కుండ కొందమని అంగడికి పోయినం. గట్టిదో కాదో అని నేను ఏలుతోని కొట్టి సూసిన. గంతే. ఈన తొవ్వ వట్టి ఉరికిండు. కుండలామె ఒక్కతీర్గ నవ్వవట్టె. నేను కుండ ఇడ్సిపెట్టి మొగని ఎనక ఉరికిన."

"కుండ పోతె ఇంకోటి దొర్కుతదిగాదే" అన్నాడు కొమురయ్య తల వంచుకుని.

"మొగడు గూడ దొర్కుతడు. గసొంటి కుండ దొర్కది."

ముగ్గురం నవ్వాం. నవ్వు ఆగాక ఆమె అసలు సంగతి చెప్పింది. ఆమె పుట్టిల్లు బూర్గంపాడు అవతల అడవి అంచున ఉంది. ఇప్పపూల కాలంలో అక్కడికి వెళ్తే, పెరట్లో చెట్టు మీద వడ్రంగిపిట్ట టకటకా కొట్టింది. కొమురయ్య మంచం కిందికి దూరాడు.

"మా తమ్ముళ్లు ఇప్పటికి ఈన్ని పిట్ట బావ అంటరు సారు. మా ఊరి ముసలాయన జడుపు మంత్రమేసిండు. జర్రన్ని దినాలు మంచిగనే పండిండు. మల్ల గదే."

ఎవరో ముసలాయన ఊదితే నిద్రపట్టిందంటే నాకు కాస్త చిన్నతనంగా అనిపించింది. నా మాటలకు ఎవరూ అంత జల్దీ పడుకోలేదు, మా ఇంట్లోవాళ్లు తప్ప.

"నీకేమనిపిస్తది కొమురయ్యా ఆ టైంల?" అని అడిగాను.

"పిట్టని నాకెర్కే సారు. కాళ్లకే ఎర్కలేదు."

భయం గురించి నేను విన్న మాటల్లో ఇంతకన్నా తిన్నని మాట లేదు.

అతను బాయి దిగకపోతే పైన దీపాల గదిలో కూర్చోబెడతామని గని ఆఫీసులో చెప్పారు. దిగేవాళ్లకు టోపీ దీపాలు అందించే పని. ప్రాణానికి హాయి. కొమురయ్య ముఖం మాత్రం మాడిపోయింది.

"దిగేటోళ్లకు దీపమిచ్చి నేను పైన కూసోవాలెనా సారు? పొద్దుగాల నా ముందలికెల్లే పోతరు. మల్ల నా ముందలికెల్లే నల్లగ బయటికొస్తరు. నేను తెల్లగ కూసోని సూడాలె."

నల్లగా తిరిగొచ్చేవాళ్లను చూసి అతనికి కుళ్లు. నా కొలీగు ఒకడు దొరికాడనిపించింది. ఆ క్షణం నుంచీ అతన్ని బాయిలోకి దించడం నా సొంత పని అయిపోయింది. అతను తట్టి చూసిన కప్పు కిందికే మిగతావాళ్లు వస్తారన్నది మాత్రం నేను ఆలోచించాల్సినంతగా ఆలోచించలేదు.

బాదం గింజలో

పిల్లల కోసం ఇక్కడ కాస్త శాస్త్రం. మెదడు లోపల, చెవికి కొంచెం ముందుగా లోతున బాదం గింజంత భాగం ఒకటుంది. పేరు అమిగ్డాలా. ఆ పేరుకు అర్థమే బాదం. చప్పుడు కబురూ దెబ్బ కబురూ అక్కడ కలుస్తాయి. చప్పుడు ఒక్కటే వస్తే ఒక కణం నుంచి ఇంకో కణానికి గ్లుటమేట్ అనే రసాయనం కొద్దిగా చేరుతుంది, పెద్దగా ఏమీ జరగదు. అందుకునే కణం మీద ఒక గడప ఉంటుంది. ఆ గడపకు మెగ్నీషియం బిరడా. చప్పుడూ దెబ్బా ఒకేసారి వచ్చినప్పుడు ఆ బిరడా ఊడుతుంది. కాల్షియం లోపలికి దూకుతుంది.

ఇక అక్కడి పని అచ్చం గనిలో పనే. కప్పు వదులైతే ముందు చేతికందిన కర్ర దిమ్మె నిలబెడతారు. కాల్షియం కూడా అంతే. కొన్ని ఎంజైములను నిద్రలేపి, లోపల దాచిన, గ్లుటమేట్‌ను పట్టుకునే గ్రాహకాలను నిమిషాల్లో కణం పైకి తెప్పిస్తుంది. అది తాత్కాలిక దిమ్మె. తర్వాత కబురు కణం నడిబొడ్డున ఉన్న జన్యువుల దాకా పోతుంది. అక్కడ క్రెబ్ అనే ప్రోటీను కొన్ని జన్యువులను పనిలోకి దింపుతుంది. కొత్త ప్రోటీన్లు తయారై గంటల తరబడి ఆ అతుకును బిగిస్తాయి. ఇవి బోల్టులు. బోల్టు పడ్డాక ఆ భయం ఏళ్లు నిలుస్తుంది. వసంత పంపిన బుడిపెలు ఈ బిగింపు తాలూకు ఆనవాళ్లే.

మరి ఆ బోల్టులు ఊడదీయగలమా? గుర్తు తెచ్చుకున్నప్పుడల్లా జ్ఞాపకం కొన్ని గంటలు వదులవుతుందనీ, మళ్లీ బిగియడానికి మళ్లీ ప్రోటీన్లు కావాలనీ ఎలుకల్లో చూశారు. ఆ సమయంలో ప్రోటీన్ల తయారీని ఆపితే భయం బలహీనపడుతుంది. మనుషుల్లో మాత్రలతో ఆ పని చేయబోతే ఒకచోట పనిచేసినట్టుంటుంది, ఇంకోచోట ఉండదు. భయాన్ని చెరిపే మాత్ర దొరికిందని ఎవరైనా అంటే, నా అనుభవంలో, అది అమ్మేవాడి భయం చెరిపే మాత్ర.

మనం నిజంగా చేయగలిగింది భయాన్ని కప్పడం. భయపెట్టే చప్పుడును ఏ ప్రమాదమూ లేకుండా మళ్లీ మళ్లీ వినిపిస్తే, నుదురు వెనకున్న మెదడు భాగం కొత్త పాఠం నేర్చుకుని, అమిగ్డాలాలోని అదుపుచేసే కణాల చేత పాత భయాన్ని అణిచిపెట్టిస్తుంది. పాతది కింద అలాగే ఉంటుంది. తెలుగులో కప్పడానికీ కప్పుకీ ఒకే మాట ఉండటం నాకు అచ్చొచ్చింది. ఈ వైద్యమంతా కప్పు వేయడమే. అయితే దేన్ని కప్పుతున్నామో తెలిసి కప్పాలి.

నేను కొన్న కుండ

కొమురయ్య పారిపోయింది కుండ చప్పుడుకు కాబట్టి కుండతోనే మొదలుపెట్టాలనుకున్నాను. నేనే స్వయంగా అంగడికి వెళ్లాను. కుండలామె "కొట్టి సూస్కో సారు" అంది. పెద్దమనిషి తరహాలో రెండుసార్లు కొట్టి, తల ఊపి, తెచ్చుకున్నాను. ఏం విన్నానని తల ఊపానో నాకిప్పటికీ తెలియదు.

గదిలో టేబుల్ మీద కుండ, ఎదురుగా కొమురయ్య. మొదట్లో నేను చేయి ఎత్తితేనే చెమటలు పట్టేవి. పోనుపోను కొట్టినా కూర్చోగలిగాడు. ఇంకొన్నాళ్లకు నేను కుండ మీద దరువు వేస్తుంటే అతను బీడీ కట్ట మీద బొమ్మ చూస్తూ ఉండేవాడు. నేను పొంగిపోయాను. ఈ సంగతి వసంతకు చెబితే ఆమె కుళ్లుకుంటుందనే ఆశతో ఫోన్ చేశాను. "భద్రాచలం వస్తున్నా, దారిలో ఆగుతాలే. నాకూ చూపించు" అంది.

ఆమె వచ్చింది. మండుటెండ. కొమురయ్య అప్పటికే కుర్చీలో ఉన్నాడు.

"ఏంట్రా, ఎండాకాలం కుండ పెట్టుకుని నీళ్లు పోసుకోవా?" అంటూ బకెట్లో నీళ్లు తెచ్చి కుండ నింపింది. నేను నా విజయగాథ మొదలుపెట్టాను. సగంలో ఉండగా నా చెప్పులు తడిశాయి. టేబుల్ అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి.

వసంత కుండ అడుగున వేలు పెట్టి చూసింది. తర్వాత వేలితో తట్టింది. మొద్దుగా మోగింది.

"ఇది పగుళ్లకుండ. నువ్వు కొట్టి వినిపిస్తోంది దీన్నేనా ఇన్నాళ్లూ?"

"అవును."

ఆమె కొమురయ్య వైపు తిరిగింది. "బాయిలో కప్పు వదులుగా ఉంటే ఎలా పలుకుతుందయ్యా?"

"గిట్లనే మేడం" అన్నాడు కొమురయ్య, కుండ చూపించి. "అచ్చం గిట్లనే."



ఊడిపడే కప్పు ఎలా పలుకుతుందో ఆ చప్పుడుకే నేను అతని భయం పోగొడుతున్నాను. ఇంకొన్నాళ్లు అలాగే సాగి ఉంటే, నా సంతకంతో అతను బాయి దిగి, కడ్డీతో కొట్టి, డొల్ల చప్పుడు విని, నా గదిలో విన్నట్టే ప్రశాంతంగా నిలబడేవాడు. అతని మాట నమ్మి వెనకవాళ్లు ముందుకు వచ్చేవారు.

"పగిలిందని నీకు తెల్వదా కొమురయ్యా?" అన్నాను.

"మొదటి దినమే ఎర్కైంది సారు. మందుకు గట్లాంటిదే కావాలెనేమో అనుకున్న. డాక్టర్ తోని కుండ సంగతి ఏం ముచ్చటవెడ్తం?"

వసంత నవ్వలేదు. నవ్వి ఉంటే తేలికయ్యేది. "చూడరా" అంది నెమ్మదిగా. "ఒకే శబ్దంతో షాకిస్తే ఎలుక అన్ని శబ్దాలకూ వణుకుతుంది. షాక్ లేని ఇంకో శబ్దాన్ని కూడా పక్కన వినిపిస్తూ పోతేనే దేనికి భయపడాలో, దేనికి అక్కర్లేదో వేరుచేసుకుంటుంది. ఇతనికి కావాల్సింది భయం లేకపోవడం కాదు. తేడా తెలియడం."

ఇది నాకు తెలియనిది కాదు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆమెకన్నా తక్కువ వచ్చాయి, అది వేరే సంగతి. బొగ్గు ముక్క ముట్టుకోని మనిషి, ఎలుకల మనిషి, నా పేషెంటును నా గదిలో కాసేపట్లో నాకంటే బాగా చూసింది. కుండలోంచి కారినవి నీళ్లే. నాలోంచి కారినది ఇంకా ఆరలేదు.

వెళ్లేముందు కొమురయ్య ఆమె నంబరు తీసుకున్నాడు. నన్ను ఎన్నడూ అడగలేదు.

రెండు కుండలు

మర్నాడు సారక్కను వెంటబెట్టుకుని అంగడికి పోయి, ఈసారి ఆమె చేత కొట్టించి, గట్టి కుండ కొన్నాను. రెండు కుండలు పక్కపక్కన పెట్టాం. గట్టిది మోగితే కొమురయ్య హాయిగా కూర్చోవాలి. పగిలింది మోగితే లేచి "ఎనక్కి రాండ్రి" అని కేకేసి గది బయటికి నడవాలి. ఉరకకూడదు, నడవాలి. వరండాలో లైన్లో ఉన్నవాళ్లు మొదట జడుసుకున్నారు. తర్వాత అలవాటుపడి వాళ్లూ లేచి వెనక్కి జరిగేవారు.

అప్పుడప్పుడు సారక్కే కొట్టేది. మొగుడి ముఖం చూడకుండా కొట్టేది, తన ముఖం చూసి అతను కనిపెట్టేస్తాడని. ఒకసారి గట్టి కుండ మోగితే కొమురయ్య లేచి నిలబడ్డాడు.

"కూసో పిట్ట బావా, మంచిదే" అంది ఆమె. అతను సిగ్గుపడి కూర్చున్నాడు.

గదిలో నేర్చుకున్న ధైర్యం గదిలోనే ఉండిపోతుందని గుర్తుపెట్టుకోండి. కొత్త పాఠాన్ని మెదడు నేర్చుకున్న చోటుతో కలిపి దాచుకుంటుంది. చోటు మారితే పాత భయం పైకి లేస్తుంది. అందుకే కుండల్ని కొమురయ్య క్వార్టర్ వరండాకు మోశాం. తర్వాత బూర్గంపాడు అవతలి ఊరికి మోశాం. అక్కడ వడ్రంగిపిట్ట ఖర్చు లేకుండా సాయం చేసింది. బామ్మర్దులు చుట్టూ చేరి, పిట్ట కొట్టినప్పుడల్లా బావను చూసి ఎదురుచూశారు. కొమురయ్య చెట్టు వైపు చూసి, "ఎండు కొమ్మ, డొల్లది. కట్టెకు పోతె దాని కిందికి పోకుండ్రి" అన్నాడు. ఆ తర్వాత వాళ్లు పిట్ట బావ అనడం మానలేదు గానీ, అనే తీరు మారింది.

చివరికి బాయి. అనుమతి తీసుకుని నేనూ దిగాను. నెత్తిన టోపీ, టోపీకి దీపం, కాళ్లలో వణుకు. వాలులో దిగుతున్నకొద్దీ పైనున్న నేల బరువంతా నా మెడ మీద కూర్చున్నట్టుంది. కొమురయ్య కడ్డీ ఎత్తాడు. నేను కళ్లు మూసుకున్నాను. ఖంగుమంది.

"గట్టిదే సారు. కండ్లు తెరువుండ్రి."

"తెరిచే ఉన్నాయి."

"నా బుజం పట్టుకోండ్రి. గట్టిగ గాదు సారు, చెయ్యి ఆడాలె నాది."

పైకొచ్చాక దీపాల గదిలో టీ ఇచ్చారు. నా చేతిలో కప్పు గలగలలాడింది. కొమురయ్య చూసి, మర్యాదకు అటు తిరిగాడు. ఆ రోజే అతను బాయి దిగవచ్చని సంతకం చేశాను. చేయి వణికింది కాబట్టి అది నా సంతకమేనా అని ఆఫీసులో అనుమానపడ్డారట.

చెప్పకుండా

కుండ బద్దలు కొట్టినట్టు చెబుతాను. 'భయం లేకుండా' అనే మాటలోనూ ఒక కుండ ఉంది. ఆ కుండ పగిలిందో గట్టిదో తట్టి చూడకుండా ఎవరికీ ధైర్యం పంచకండి. కొన్ని భయాలు బతకడానికి కావాలి. వాటిని పక్కింటి చప్పుళ్లన్నిటి నుంచీ వేరుచేసి, వాటి చోట వాటిని ఉంచడమే మన పని. ఇంకో మాట. ఈర్ష్య కూడా జ్ఞాపకమే. తీసి చూసుకున్నప్పుడల్లా వదులై, ఇంకో బోల్టుతో బిగుస్తుంది. వసంత గదిలో ఉన్నది కాసేపే. నా జ్ఞాపకంలో మాత్రం ఆమె ఆ కుండను రోజంతా తడుతూనే ఉంది.

రిటైరయ్యాక ఒక సాయంత్రం ఆమె నుంచి కబురొచ్చింది. "నీ కొమురయ్య ఇవాళ భయపడ్డాడురా!"

పాత భయం లేచిందనుకున్నాను. ఇన్నాళ్ల శ్రమ పోయింది, అతను మళ్లీ మంచం కిందికి, అక్కణ్నుంచి దీపాల గదికి. వెంటనే ఆమెకు ఫోన్ చేశాను.

"ఏమైంది?"

"కడ్డీతో కొట్టాడట. డొల్లగా పలికిందట. అందర్నీ వెనక్కి పిలిచి, తనూ నడిచి వచ్చేశాడట. ఉరకలేదు మేడం, నడిచిన అని రెండుసార్లు చెప్పాడు. వాళ్లు వెనక్కొచ్చాక పలక పడింది. ఎవరికీ ఏమీ కాలేదు."

నేను కుర్చీలో కూర్చుండిపోయాను. ఆనందం వచ్చింది. దాని వెనకే, తోక పట్టుకుని, నా పాత చుట్టమూ వచ్చింది. ఈ సంగతి ఆమెకెలా తెలిసింది? నాకెందుకు తెలియలేదు?

కొమురయ్యకు ఫోన్ చేశాను. వెనకాల సారక్క ఎవరినో నవ్విస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"మంచిగున్నవా కొమురయ్యా?"

"మంచిగున్న సారు. మేడం చెప్పిందా?"

"చెప్పింది. మేడంకు చెప్పి నాకెందుకు చెప్పలేదు?"

ఆ రోజు దీపాల గదిలో అటు తిరిగినట్టే ఇప్పుడూ తిరిగి ఉంటాడు.

"మీరు భయపడ్తరని సారు."